ఇంటి పనిసాలల కప్పులు, చలువ ఏర్పాట్లు (మాచర్ల ప్రాంతం)

మాచర్ల చుట్టుపక్కల ఇళ్లను ఆనుకొని ఉండే పనిసాలలను, అంటే శిల్పుల వసారాలను, కమ్మరి కొలుములను, వడ్రంగి కొట్టాలను, మగ్గం గదులను ఎండ వేడి నుంచి కాపాడుకోవడానికి వాడిన కప్పులు, గోడలు, పూతల చరిత్ర ఇది. చలి దేశాల్లో గోడల నడుమ గాజునూలు కూరి పనిగదిని వెచ్చగా ఉంచుతారు. మాచర్ల ఉన్న పల్నాడులో వేడిని బయటే ఆపాలి. పొరుగునున్న రెంటచింతల మండుటెండలకు రాష్ట్రమంతటా పేరుమోసిన ఊరు. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. లోపలి వేడిని నిలిపినా, బయటి వేడిని ఆపినా సూత్రం ఒకటే: వేడి సులువుగా దాటలేని పొర ఒకటి అడ్డంగా ఉండాలి. ఇక్కడి చలికాలానికి కుంపటి సరిపోతుంది.

ఇక్ష్వాకుల కాలం

ఈ ప్రాంతపు పనిసాలలకు మనకు దొరికిన తొలి గట్టి ఆధారం నాగార్జునకొండ. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ కృష్ణాతీరపు లోయలోనే ఉండేది. 1926లో ఎ.ఆర్. సరస్వతి శిథిలాలను గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో మొదలుపెట్టి టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునగనుండటంతో 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ మొత్తాన్నీ శ్రద్ధగా శోధించారు. భారత పురావస్తు చరిత్రలోనే గొప్ప ప్రయత్నమది. అప్పుడు బయటపడిన వాటిలో ఒక కంసాలి పనిచోటు ఉంది. మూసలు, గీటురాయి, నగల అచ్చులు అక్కడే దొరికాయి. ఇళ్ల గోడలకు రాళ్లు, మట్టి, ఇటుక వాడారు. ఇక్కడి ఇటుక సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అలాంటి ఇటుకలతో కట్టిన మందపాటి గోడ పగటి వేడిని తనలో పట్టి ఉంచి చాలా ఆలస్యంగా లోపలికి వదులుతుంది. మూసలో లోహం కరిగించే కుంపటి ముందు కూర్చునే కంసాలికి ఇది చిన్న మేలు కాదు. విజయపురి శిల్పాలకు వాడిన లేత ఆకుపచ్చ ఛాయ సున్నపురాయీ పల్నాటిదే.

మధ్యకాలం

ఆ తరువాతి శతాబ్దాల పనిసాలల గురించి చెప్పుకోదగ్గ వివరాలు తక్కువ; కవి శ్రీనాథుడి పేర వినవచ్చే చాటువులో నాపరాళ్లు పల్నాటి గుర్తుల్లో ఒకటిగా కనిపిస్తాయి.

నాపరాళ్ల మిద్దె

ఈ ప్రాంతపు అసలైన సాధన నాపరాళ్ల మిద్దె. దూలాల మీద బండలు పరిచి, సందులు సున్నంతో పూడ్చి, పైన మట్టి మందంగా పోసి అణగగొడతారు. బండ ఒక్కటే ఉంటే పని జరగదు. రెండంగుళాల రాయి మధ్యాహ్నానికే వేడెక్కి సాయంత్రమంతా గదిలోకి కక్కుతుంది. దాని మీది మట్టి పొరే అసలు అడ్డు. ఏటా వానలకు ముందు కప్పును సరిచేసుకోవాలి, బరువుకు దూలాలు ఆగాలి. అయినా స్థానిక వస్తువులతో ఇంతకంటే మంచి కప్పు ఈ నేలలో మరొకటి రాలేదు. కలిగినవారు మిద్దెలు వేసుకుంటే, లేనివారు తాటాకు, బోదగడ్డి కప్పుకొన్నారు. గడ్డి పరకల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బాగా ఆపుతుంది. నిప్పు మాత్రం దానికి చాలా సులువుగా అంటుకుంటుంది. అందుకే కొలిమి ఉన్నచోట గడ్డి కప్పు ప్రమాదం. మగ్గం గదుల్లో నేల తవ్వి అమర్చే గుంటమగ్గానిది ఇంకో మేలు: నేలలోని చెమ్మ పడుగు దారాన్ని పొడిబారి తెగకుండా చూస్తుంది.

సిమెంటు, రేకులు

వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కె.సి.పి. సంస్థ 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారం ప్రారంభించింది. ఇక్కడి సున్నపురాయే దానికి ముడిసరుకు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట 1967లో పూర్తయింది. ఆ రాతికట్టడం పల్నాటి నేలకు నీళ్లతోపాటు కొత్త నిర్మాణ పద్ధతులనూ తెచ్చింది. మట్టి మిద్దెల స్థానంలో స్లాబులు, సిమెంటు రేకులు వచ్చాయి. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ 1901లో పేటెంటు పొందిన ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు మన మార్కెట్లో చార్మినార్ పేరుతో ఊరూరికీ చేరాయి. చవక, తేలిక, ఏటేటా మరమ్మతు లేదు. కాని పలుచని రేకు కింద మధ్యాహ్నం పని అంటే నరకమే, పైగా ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఇనుప రేకు అంతకంటే త్వరగా కాలుతుంది.

నేటి పరిస్థితి

మాచర్ల దగ్గరి దుర్గి ఊరి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పలుగురాయి కంటే మెత్తనైన స్థానిక సున్నపురాయిని ఉలితో చెక్కే ఈ పని చాలావరకు పందిళ్ల కింద, రేకుల కిందే సాగుతుంది. తెలిసిన చిట్కాలు ఇవి: రేకుల మీద సున్నపు వెల్ల వేయడం, తాటాకు పరవడం, కింద థర్మోకోల్ తాపి మధ్యలో గాలి సందు వదలడం, పడమటి వైపు వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లడం. తడి ఆరే కొద్దీ చల్లబరచే తడికె, కూలర్ పొడి ఎండల్లోనే బాగా పనిచేస్తాయి. ఉక్కపోత రోజుల్లో ఫలితం తగ్గుతుంది. ఖర్చుకు తగ్గ ఫలితంలో వెల్ల మిగతావాటికంటే ముందుంటుంది. దానికి కావలసిన సున్నమూ దూరం కాదు: సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల పల్నాడు జిల్లాలోనే ఉంది.

ఇలాంటి చలువ కప్పుల కోసం పొరుగు రాష్ట్రమైన తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. అంతకు ఎంతో ముందు, 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్, పనిచోట వేడి తగ్గించేలా గోడలు, కప్పులు ఉండాలని చెప్పి, వెల్ల వేయడం, రెండు కప్పుల మధ్య గాలి వదలడం వంటి మార్గాలనూ పేర్కొంది. కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది పనివాళ్లు ఉంటేనే ఆ చట్టం వర్తించేది. ఇంటి వసారాలో ఒక్కడే కూర్చొని రాయి చెక్కే శిల్పికి ఆ రక్షణ అందలేదు.