అప్పుల చరిత్ర - 5: దొర చిట్టా నుంచి సిబిల్ దాకా

పోయిన వారం వెట్టి గురించి రాశాక ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది. ఇల్లు కొందామంటే బ్యాంకువాళ్లు సిబిల్ అంటున్నారు. దాని మీద కూడా రాయవా?" రాయాల్సిందే. అదీ మన చరిత్రే.

నిజాం రాజ్యంలో భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్లికో పేరంటానికో దొర దగ్గర అప్పు తీసుకుంటే, తీరేదాకా ఆయన ఇంట్లో జీతం ఉండాలి. అప్పెంత, వడ్డీ ఎంత, ఇంకా ఎంత మిగిలింది, ఇవన్నీ రాసేది దొర మనుషులు. వేలిముద్ర వేసేది మనవాళ్లు. తండ్రి పోతే కొడుకు ఆ లెక్క కిందికి వచ్చేవాడు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చింది. 1976లో కేంద్రం తెచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టంలో భగేలా, జీత, వెట్టి అన్న మాటలు పేరుపేరునా కనిపిస్తాయి. అంటే 40 ఏళ్ల తర్వాత కూడా రద్దు చేయడానికి అవి మిగిలే ఉన్నాయన్నమాట! వడ్డీ దోపిడీ సరే. మన లెక్క మనకు చూపించకపోవడమే అసలు దోపిడీ అంటాను నేను.

2000లో సిబిల్ కంపెనీ వచ్చింది. మనం ఏ లోన్ తీసుకున్నా, ఏ వాయిదా తప్పినా అక్కడ నమోదవుతుంది. 300 నుంచి 900 మధ్య ఒక స్కోరు ఇస్తారు. అందులో కులం కాలమ్ లేదు. కానీ 2010 గుర్తు చేసుకోండి. మైక్రోఫైనాన్స్ వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటే, ఆ అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఆగాయి. కట్టని బాకీలు మాత్రం ఎంతోమంది ఆడవాళ్ల పేర్ల మీద రికార్డుల్లో ఉండిపోయాయి.

దొర చిట్టాను అడిగే హక్కు మన తాతలకు లేదు. 2005 క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం మనకు ఆ హక్కు ఇచ్చింది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2017 జనవరి నుంచి ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఇవ్వాలి. తప్పుంటే 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

కాబట్టి ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే, రెండు మూడు నెలల ముందుగా, రిపోర్టు తీయండి. మీది కాని లోన్ మీ పేరు మీద ఉందేమో చూడండి. స్నేహితుడికి గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే అదీ అందులో కనబడుతుంది. 'సెటిల్డ్' అనే మాట దగ్గర ఆగండి. "సగం కట్టు, మిగతాది వదిలేస్తాం" అని రికవరీ ఏజెంట్ అంటే మనవాళ్లు బాకీ తీరిందనుకుంటారు. బ్యాంకు దృష్టిలో అది పూర్తిగా కట్టిన లోన్ కాదు. నా మిత్రుడికి ఎప్పుడో తీరిపోయిన బండి లోన్ ఇంకా బాకీ ఉన్నట్టే చూపించింది. ఎన్‌వోసీ కాగితం దాచుకున్నాడు కాబట్టి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి దిద్దించుకున్నాడు.

ఎన్నడూ లోన్ తీసుకోని మొదటితరం వాళ్లకు 'చరిత్ర లేదు' అని వస్తుంది. మనల్ని ఆ మాట అనడం కొత్తేం కాదు లెండి. ఆ ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్లను తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. మేనేజర్ కాదంటే, కారణం రాసి ఇమ్మని అడగండి.

వచ్చే భాగంలో 1969 బ్యాంకుల జాతీయీకరణ గురించి. మన వాడలకు దాని నుంచి ఏమొచ్చిందో చూద్దాం.