తంబిట్టు దీపం: చిక్కబళ్ళాపురం సీమలో ఒక పిండివంట చరిత్ర

కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎన్నో ఇళ్ళలో మాట్లాడే భాష తెలుగే అయినా, జాతరనాడు ఊరి దేవతకు మోసుకుపోయే పిండిదీపాన్ని కన్నడ పేరుతో తంబిట్టు దీపమని పిలవడం పరిపాటి. బియ్యప్పిండిలో బెల్లం, నెయ్యి చేర్చి ముద్దచేసి, నడుమ గుంట తీసి, నేతిలో తడిపిన వత్తి వెలిగించి, ఆడవాళ్ళు తలమీద పళ్ళెంలో పెట్టుకొని పలకల మోతతో గంగమ్మ గుడికో మారెమ్మ గుడికో తీసుకుపోయే ఈ దీపం, పూజ ముగిశాక ప్రసాదంగా పంచుకొని తినే పదార్థం కూడా. తమిళులు మావిళక్కు అనేదీ, చిత్తూరు వైపు తిరుమల శనివారాల్లో వేంకటేశ్వరునికి వెలిగించేదీ ఈ కుటుంబానికి చెందినవే; కోస్తా జిల్లాల చలిమిడి కూడా దినుసులను బట్టి వీటికి దగ్గరి చుట్టమే.

ఈ దీపంలోని దినుసులు ఆ సీమ వ్యవసాయ చరిత్రను చెబుతాయి. నందికొండల చుట్టుపక్కల చిత్రావతి, పాపఘ్ని, పాలారు, ఉత్తర, దక్షిణ పినాకినులు పుడుతున్నా, అవి వానాకాలంలో తప్ప పారవు. అందువల్ల మెట్టపొలాల్లో రాగి, చెరువు కింద మాత్రమే వరి అన్నది శతాబ్దాలుగా ఇక్కడి పంటల కట్టుబాటు. బి.ఎల్. రైస్ సేకరించి 1905లో ప్రచురించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంలో, అప్పట్లో ఈ తాలూకాలు భాగమైన కోలారు జిల్లా శాసనాల్లో చెరువుల ప్రస్తావన మళ్ళీ మళ్ళీ వస్తుంది. చెరువు కట్టించినవారికి, దాన్ని బాగుచేసేవారికి ఇచ్చే మాన్యాన్ని ఇక్కడ కట్టుకొడిగె అన్నారు, తెలుగు శాసనాల్లో దశబంధం అన్నదీ ఇలాంటి ఏర్పాటే. ఏడాది పొడుగునా రాగిసంగటితో గడిపే ఇంట్లో వరిబియ్యం పండుగకో, చుట్టానికో దాచుకొనే గింజ. దేవత ముందుకు రాగిపిండి కాక బియ్యప్పిండి వెళ్ళిందంటే, ఆ ఇంట్లో అన్నిటికన్నా అరుదైనది వెళ్ళిందన్న మాట.

బెల్లానికీ ఇక్కడ గట్టి చరిత్రే ఉంది. శ్రీరంగపట్టణం పతనమైన మరుసటి ఏడాది, 1800లో, మైసూరు దేశంలో పర్యటించడం మొదలుపెట్టి, ఆ వివరాలను 1807లో గ్రంథంగా వెలువరించిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్, చిక్కబళ్ళాపురంలో తయారయ్యే కలకండ చైనా కలకండకు తీసిపోదని రాశాడు. కలకండ దొరల ఇళ్ళకూ అంగళ్ళకూ పోగా, పల్లె దేవతకు దక్కింది గానుగ దగ్గర వండిన నల్లబెల్లమే.

తయారీలో ఓర్పు కావాలి. బియ్యాన్ని నానబెట్టి, వడగట్టి, గుడ్డమీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే రోట్లో దంచాలి. పిండి మరీ ఆరితే ముద్ద పగులుతుంది, మరీ తడిస్తే గుంట నిలవదు. జల్లించిన పిండిలో బెల్లం తురుము, యాలకుల పొడి, నెయ్యి వేసి మర్దిస్తే, పొయ్యి ఎక్కకుండానే బెల్లం కరిగి పిండిని పట్టుకుంటుంది. స్నానం చేసి ఉపవాసంతో చేసేవారు తీపి సరిపోయిందో లేదో రుచి చూడరు, చేతి అంచనానే నమ్ముతారు. వత్తి చుట్టూ నెయ్యి ఇంకి కాస్త మాడిన భాగాన్ని పిల్లలు పోటీపడి తింటారు.

పిండిముద్దను భక్తికి ఆధారం చేసుకున్న సంప్రదాయాలు లోకంలో ఇంకా ఉన్నాయి. యూదులు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే విశ్రాంతి దినానికి జడలా అల్లి కాల్చుకొనే హల్లా రొట్టె వాటిలో ఒకటి. బైబిలులోని సంఖ్యాకాండం పదిహేనో అధ్యాయం కలిపిన పిండిలో మొదటి భాగాన్ని దేవునికి అర్పించమంటుంది. ఆ భాగం యాజకులకు చెందేది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమైన తరువాత, తీసిపెట్టిన చిన్న ముద్దను తినకుండా నిప్పులో కాల్చివేసే ఆచారం స్థిరపడింది. నేడు కొన్ని ఇళ్ళలో హల్లా పిండిలో క్యారెట్, గుమ్మడి, ఆకుకూరలు చేరుతున్నా, ముద్ద తీసిపెట్టే నియమం మారలేదు. మహారాష్ట్రలోని బెనె ఇజ్రాయెల్ యూదులు ఏలీయా ప్రవక్త పేరిట అటుకులు, కొబ్బరి, తీపి, పండ్లతో మలీదా చేస్తారు. తెలంగాణలో బతుకమ్మకు పెట్టే రొట్టె, బెల్లం ముద్దల పేరూ మలీదే. చింతామణి తాలూకా మురుగమల్ల దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్ళే ఈ సీమవాసులకు, మతం మారినా పిండీ తీపీ మారకపోవడం వింతగా తోచదు. గింజను గింజగా కాక, మనిషి దంచి, కలిపి, తన శ్రమ చేర్చిన తరువాతే దేవుని ముందు పెట్టడం వీటన్నిటినీ కలిపే సూత్రం.

1726 నుంచి 1836 వరకు జీవించాడని భక్తులు చెప్పే కైవారం తాతయ్య, అంటే నారేయణ యోగి, చింతామణి తాలూకా కైవారంలో గాజుల బేరం విడిచి యోగమార్గం పట్టి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు రచించి, బయటి ఆడంబరం కన్నా లోపలి శుద్ధి ముఖ్యమని బోధించాడు. ఆ బోధ పాకిన పల్లెల్లోనే తంబిట్టు దీపం చెక్కుచెదరకుండా నిలవడంలో వైరుధ్యం లేదు: మంత్రం తెలియని ఆడవాళ్ళు తమ చేతులతో చేసి తామే మోసుకుపోయే పూజలో ఆడంబరానికి చోటు తక్కువ.

బోరుబావులు వచ్చాక ఈ తాలూకాలు టమాటాకు, కూరగాయలకు, పూలకు పేరుపొందాయి, ఎన్నో చెరువులు ఎండి వాటి కింది వరి మాయమైంది. 2013లో మొదలైన అన్నభాగ్య పథకంతో బియ్యం పేదల ఇళ్ళకు ప్రతి నెలా చేరింది. ఇది నిస్సందేహంగా మేలే అయినా, ఒకప్పటి అరుదైన గింజ ఇప్పుడు నిత్యాహారమై, రాగి ఖరీదైన ఆరోగ్యాహారంగా అంగళ్ళకెక్కింది. హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటితో చెరువులు నింపుతున్న ఈ రోజుల్లో, చెరువు శాసనాలను చదివినంత శ్రద్ధతో ఈ దీపాన్నీ చదవాలి. ఏ ఊళ్ళో ఏ దేవతకు ఎన్ని శేర్ల పిండి, ఎవరి ఇంటి దీపం ముందు నడిచేది, ఏ చెరువు కింది బియ్యం వాడేవారు అన్నవి పెద్ద వయసు ఆడవాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. చరిత్ర విద్యార్థులు వారిని అడిగి, వారు చెప్పిన తెలుగులోనే రాసిపెట్టుకోవాలి.