చౌక రంగు వెల

పైన పటారం, లోన లొటారం అన్న సామెతను మన పెద్దలు ఏ వస్తువును చూసి కల్పించినారో కాని, ఇరవయ్యవ శతాబ్దపు మోటారు కారుకు అది చక్కగా అమరినది. రంగు వెలిసినంత మాత్రాన కారు నడవక మానదు. అయినను వెలిసిన కారును వాకిట చూసి యజమాని చిన్నబోతాడు. కొనవచ్చినవాడు వెల తగ్గించి అడుగుతాడు. పొర లేచిన చోట తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది. కనుక కారుకు రంగు అలంకారమూ అవును, కవచమూ అవును. ఈ రెండింటికి కలిపి ఎంత వెల పెట్టవచ్చును? కొద్దిపాటి సొమ్ముకు, ఒక్క రోజులో, బండి అంతటికీ కొత్త రంగు వేసి ఇస్తామనే దుకాణాల మాట నమ్మదగినదేనా? ఇది గృహస్థుని చేతిసొమ్ముకు సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానం చరిత్రలో ఉన్నది. అటువంటి దుకాణాలు పేరు పొందిన అమెరికా దేశంలో అవి ఎట్లు సాధ్యమైనవో తెలిస్తే, అవి ఏమి ఇవ్వగలవో, ఏమి ఇవ్వలేవో దానంతట అదే తేలుతుంది.

మోటారు కారు పుట్టిన కొత్తలో దానికి వేరే రంగుల విద్య లేదు. గుర్రపు బగ్గీలకు రంగులు వేసే పనివారే కార్లకూ వేసేవారు. అవిసె నూనెలో కలిపిన రంగును కుంచెతో పూయడం, ఆరబెట్టడం, నున్నగా రుద్దడం, మరల పూయడం, మరల రుద్దడం, చివరకు పైన వార్నిషు పూయడం వారి పద్ధతి. నూనె రంగు గాలికి మెల్లగా ఆరవలసిందే. దానిని తొందరపెట్టే ఉపాయం లేదు. అందుచేత ఒక్క కారుకు రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. కార్ఖానాలలో సగం చోటు ఆరుతున్న బండ్లకే సరిపోయేది. అంత శ్రమపడినా ఆ వార్నిషు ఎండకు పచ్చబడి, పగుళ్లు వారేది. ఆనాడు రంగు చౌక కావడం అన్న మాటకు అర్థమే లేదు. దాని వెలలో పెద్ద భాగం కాలం. రెండవ భాగం చేతి పని.

ఈ రెండింటిలో కాలాన్ని మొదట జయించినవారు హెన్రీ ఫోర్డు కార్ఖానావారు. 1908లో వెలువడిన మోడల్ టీ కారుకు తొలి సంవత్సరాలలో పలు రంగులు ఉండేవి. 1913లో హైలాండ్ పార్కు కార్ఖానాలో కదిలే పట్టీ మీద కార్లు కూర్చే పద్ధతి వచ్చినది. ఆ తరువాత 1914 మొదలు 1925 వరకు ఆ కారు నల్లరంగులో మాత్రమే దొరికినది. తారు జాతి పదార్థంతో చేసిన ఆ నల్లని పూత చౌక, గట్టిది. ఆవములో పెట్టి కాల్చితే త్వరగా బిగిసేది. కొనుగోలుదారు రంగుల ఎంపికను వదులుకొన్నాడు. దానికి ప్రతిఫలంగా 1925 నాటికి 300 డాలర్ల లోపు వెలకే కారు పొందినాడు. చౌక వెలకు ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుందన్న నియమం కారు రంగు విషయంలో అప్పుడే స్థిరపడినది.

రంగులను తిరిగి తెచ్చినది యుద్ధపు మందుగుండు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలు చేసిన డ్యూపాంట్ కంపెనీ, యుద్ధం ముగిసిన తరువాత ఆ నైట్రోసెల్యులోజుతోనే మరి ఏమి చేయవచ్చునా అని పరిశోధన సాగించినది. పలుచగా ఉండి, తగినంత రంగును ఇముడ్చుకొని, శీఘ్రంగా ఆరే లక్క వంటి ద్రవం వారికి లభించినది. దానికి వారు పెట్టిన పేరు డ్యూకో. జనరల్ మోటార్స్ సంస్థ తన ఓక్లాండ్ కార్లకు 1924 నమూనాలో ఈ పూతను నీలిరంగులో వేసి సంతలోకి పంపినది. వారాలు పట్టిన పని రోజులలోకి, ఆరే కాలం గంటలలోకి దిగినది. 1926 నమూనాలలో ఫోర్డు కూడా నల్లరంగు పంతం విడిచినాడు.

అయితే అంత త్వరగా ఆరే ద్రవాన్ని కుంచెతో పూయడం కష్టం. కుంచె రెండవసారి తిరిగేలోపలనే మొదటి గీత ఆరిపోతుంది. దానికి తగిన పనిముట్టు అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో పట్టణంలో ఆలెన్ డివిల్బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులోనికి మందును తుంపరగా చల్లడానికి ఒక చిన్న పరికరం కల్పించినాడు. ఆయన కుమారుడు థామస్ ఆ సూత్రాన్నే పెంచి రంగు చల్లే తుపాకిని తయారు చేసినాడు. గొంతు బాగుచేయడానికి పుట్టిన తుంపర ఆ విధంగా కార్ఖానాలో ప్రవేశించినది. అది పనివాని గొంతుకూ, ఊపిరికీ ఏమి చేసినదో తరువాత చెప్పుకొందాము.

డ్యూకో అన్న మాట అమెరికాలో ఒక కంపెనీ సరుకు పేరు మాత్రమే. మన దేశంలో అది వృత్తి పేరు అయినది. కారుకు తుపాకితో రంగు చల్లడాన్నే డ్యూకో పెయింటింగ్ అనడం మన షెడ్లలో అలవాటు. నైట్రోసెల్యులోజు పూత వాడుక తగ్గి, వేరు జాతి రంగులు వచ్చిన తరువాత కూడా ఆ పేరు బోర్డుల మీద నిలిచినది.

డ్యూకోకు ఒక లోపం ఉన్నది. అది ఆరినంత మాత్రాన మెరవదు. మెరుగు రావాలంటే చేతితో రుద్దవలసిందే. 1930 ప్రాంతాలలో వ్యాప్తికి వచ్చిన ఆల్కిడ్ ఎనామెల్ ఆ శ్రమనూ తప్పించినది. అది తుపాకి నుండి వచ్చినప్పుడే మెరుపుతో వచ్చి, ఆవపు వేడికి అట్లే బిగుస్తుంది. ఆరబెట్టే కాలం పోయినది. మెరుగుపెట్టే శ్రమ పోయినది. ఇక పాత కారుకు రంగు వేసే పనిని కూడా కార్ఖానా పద్ధతిలో సాగించవచ్చునన్న ఆలోచన ఎవనికో ఒకనికి రాక తప్పదు.

అది వచ్చినవాడు లాస్ ఏంజెలెస్ నగరంలోని ఎర్ల్ షైబ్. ఆయన 1937లో రంగుల దుకాణం పెట్టినాడు. ఏ కారైనా సరే, ఏ రంగైనా సరే, ఒకటే వెల అన్నది ఆయన ప్రకటన. టెలివిజన్ వచ్చిన తరువాత తానే తెర మీదకు వచ్చి ఆ మాట చెప్పేవాడు. ఆ వెలలలో ప్రజల మనస్సులో నాటుకొన్నది 29 డాలర్ల 95 సెంట్లు. 1950 దశకం నడుమ కొత్త షెవ్రొలె కారు వెల సుమారు 2,000 డాలర్లు అనుకొంటే, అందులో ఇది నూటికి ఒకటిన్నర వంతు. రంగును కూడా ఆయన కంపెనీ స్వయంగా తయారు చేసుకొన్నది. బండిని పైపైన రుద్దడం, అద్దాలకూ మెరుగు పట్టీలకూ కాగితం అంటించడం, రంగు చల్లడం, ఆవములో పెట్టడం, యజమానికి అప్పగించడం: ఇంతే పని. ఒకదాని వెనుక ఒకటిగా బండ్లు సాగిపోయేవి. దుకాణాలు అనేక రాష్ట్రాలకు వ్యాపించినవి. టైర్లకు కూడా రంగు పడుతుందని జనం వేళాకోళం చేసినారు. వేళాకోళం చేస్తూనే బండ్లు తెచ్చినారు. ఆ కంపెనీ 2010లో మూతపడే వరకు డెబ్బది సంవత్సరాలకు పైగా ఆ వ్యాపారం నడిచినదంటే, అది కేవలం మోసమని కొట్టివేయడం న్యాయం కాదు.

మరి ఆ వెలలో చేరనిది ఏమి? రంగు కింద జరిగే పని. పాత పూతను ఒకే తీరుగా ఉప్పుకాగితంతో రుద్దాలి. మైనమూ, జిడ్డూ మిగలకుండా తుడవాలి. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, మరల సమం చేయాలి. తుప్పును లోతు కంటా గీకి, బయటపడిన ఇనుముకు ప్రైమరు వేయాలి. దీపాలు, పిడులు, రబ్బరు పట్టీలు ఊడదీసి, వాటి కింద కూడా రంగు పట్టించాలి. బగ్గీల కాలం నుండి నేటి వరకు రసాయన శాస్త్రం పూతను మార్చినది, ఆరే కాలాన్ని తగ్గించినది. కాని మరమ్మతు షెడ్డులో ఈ చేతి పనికి బదులు ఏదీ ఇవ్వలేకపోయినది. జాగ్రత్తగా చేసిన పనిలో ఎక్కువ గంటలు దీనికే పోతాయి; తుపాకి పట్టుకొనేది కొద్దిసేపే. చౌక దుకాణం ఆదా చేసేది రంగులో కాదు, ఈ గంటలలో.

కింది పొరను ఉపేక్షిస్తే ఏమగునో పెద్ద కార్ఖానాలు కూడా సొమ్ము చెల్లించి నేర్చుకొన్నవి. 1960 దశకంలో ఫోర్డు కార్ఖానాలో కారు శరీరాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు ద్వారా సందుసందునా పూత పట్టించే పద్ధతి మొదలైనది. తుప్పును ఆపడంలో అది గొప్ప మేలు చేసినది. తరువాత, రంగు పొర మీద పారదర్శకమైన పూత వేసే అలవాటు వచ్చినది. 1980 దశకపు చివర, 1990 దశకపు మొదట, అమెరికాలో తయారైన కార్లు అనేకం పొరలు పొరలుగా రంగు ఊడినవి. ప్రైమరుకూ రంగుకూ నడుమ ఉండవలసిన మధ్యపూతను కొన్ని చోట్ల మానివేసినారు. పైపొరలను దాటి వచ్చిన అతినీల కిరణాలు ప్రైమరును చెడగొట్టినవి. దాని మీద రంగుకు పట్టు తప్పినది. పైరంగు మంచిదే, ఆధారం పోయినది. కోట్ల సొమ్ము గల కార్ఖానాకు తప్పని నియమం ముప్పది డాలర్ల దుకాణానికి ఎట్లు తప్పుతుంది?

ఈ వ్యాపారంలో తరువాతి అడుగు 1972లో ఆంథొనీ మార్టినో స్థాపించిన మాకో సంస్థది. ఒకే వెల అన్న పద్ధతికి బదులుగా మెట్లు మెట్లుగా వెలలు పెట్టడం ఇటువంటి దుకాణాలకు పరిపాటి అయినది. అట్టడుగు మెట్టున వెల తక్కువ. రుద్దడం, ప్రైమరు, సొట్టలు, పైపూత ఒక్కొక్కటి చేరిన కొద్దీ వెల పెరుగుతుంది. ప్రకటనలో కనబడేది మొదటి మెట్టు. బండి అడిగేది తరచు మూడవ మెట్టు. ఇందులో వంచన ఉండనక్కరలేదు. కింది పనికి వెల ఉన్నదని దుకాణమే ఒప్పుకొన్నట్లు మనము గ్రహించవచ్చును.

చౌకదనానికి ఇంకొక వెల కూడా ఉన్నది. అది చీటీ మీద కనబడదు. పాత తరహా తుపాకి నుండి వెలువడిన రంగులో సగానికి పైగా బండికి అంటక గాలిలో కలిసేది. 1950 ప్రాంతాలలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త లాస్ ఏంజెలెస్ నగరాన్ని కప్పుతున్న పొగ ఎక్కడిదో పరిశోధించి, ఇంధనాల ఆవిరులు, వాహనాల పొగ ఎండలో కలియబడి అది పుడుతున్నదని చూపినాడు. రంగులలోని ద్రావకాలు కూడా ఆ జాతివే. 1966లో ఆ మండలంవారు అటువంటి ద్రావకాలకు హద్దు పెడుతూ నిబంధన చేసినారు. 1998లో అమెరికా దేశమంతటా కారు మరమ్మతు రంగులకు పరిమితి వచ్చినది. ఇక పనివాని సంగతి. గట్టిదనం కోసం వాడుకలోకి వచ్చిన రెండు డబ్బాల రంగులలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపరను పీల్చినవారికి ఉబ్బసం రావచ్చును. ఒకసారి పట్టుకొన్న తరువాత కొద్దిపాటి సోకుడుకే ఊపిరి ఆడదు. 2008లో చేసిన అమెరికా నిబంధన చిన్న దుకాణాలకు కూడా వర్తించినది: వడపోత గల గదిలోనే చల్లాలి, తుంపర వృథా చేయని తుపాకి వాడాలి, పనివానికి శిక్షణ ఉండాలి. గదికి, గాలికి, ముసుగుకు ఖర్చు పెట్టని దుకాణం ఆ ఖర్చును మాన్పలేదు. పనివాని రొమ్ము మీదకు త్రోసినది.

ఈ చరిత్ర అంతా అమెరికాది అయినా, తీర్పు మన వీధికి కూడా చెల్లుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కాని, మన పట్టణాలలోని ఏ టింకరింగ్ షెడ్డులో కాని అడగవలసిన ప్రశ్నలు ఇవే. తలుపు సందులలో రంగు వేస్తారా? దీపాలు ఊడదీస్తారా, కాగితం అంటించి సరిపెడతారా? పుట్టీ పెట్టే ముందు తుప్పును ఇనుము కనబడే వరకు తీస్తారా? బయటపడిన చోట ప్రైమరు వేస్తారా? రంగు చల్లేవాడు ముఖానికి ఏమి కట్టుకొంటాడు? ఈ అయిదింటికి సమాధానం విన్న తరువాత వెల అడిగితే, అది ఎక్కువో తక్కువో యజమానికే తెలుస్తుంది.

చౌక రంగు ఎవరికి లాభం? బండి శరీరం గట్టిగా ఉండి, పాత పూత పట్టు విడవక, కేవలం ఎండకు వెలిసి ఉండి, ఇంకొక రెండు మూడేండ్లు నడిపితే చాలుననుకొనే గృహస్థునికి అది తగిన బేరమే. అతని కారుకు కింది పని ఇదివరకే కార్ఖానాలో జరిగి ఉన్నది. అతడు కొనేది పైపూత మాత్రమే, దానికి తగిన వెలే ఇస్తున్నాడు. తుప్పు పట్టిన బండికి, పొరలు లేస్తున్న బండికి, పది సంవత్సరాలు ఉంచుకొనదలచిన బండికి అదే బేరం నష్టం. లేస్తున్న పొర మీద వేసిన కొత్త రంగు ఆ పొరతోపాటే లేస్తుంది. అప్పుడు రెండు పూతలనూ గీకే కూలి ఇచ్చుకోవాలి. ఇక అమ్మకానికి ముందు తుప్పు కనబడకుండా కప్పడం కోసం వేయించేవారు ఉన్నారు. వారు మిగిల్చుకొనే సొమ్ము కొన్నవాడి సంచిలోనిదే.

కనుక దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న రంగు ఖరీదు కాదు. దాని కింద ఎన్ని గంటల పని చేస్తారన్నది. దానికి సూటిగా సమాధానం చెప్పే పనివాడు వెల రెండింతలు చెప్పినా ఆలోచించవచ్చును. చెప్పలేనివాడు సగం వెలకే ఇచ్చినా బండి తాళం చేతికి ఇవ్వరాదు.