ధనుష్కోటి రైలుస్టేషను

రామేశ్వర ద్వీపం పటంలో చూచినట్లయితే, దాని ఆగ్నేయపు కొన సన్నని తోకవలె సముద్రంలోకి సాగి ఉంటుంది. ఆ కొననున్న ఊరు ధనుష్కోటి. పేరుకు అర్థం కూడా వింటికొన అనియే. ఒకప్పుడు అక్కడ రైలుస్టేషను, ఓడరేవు, తపాలా కార్యాలయం ఉండేవి. నేడు ఇసుకలో మొండిగోడలు మాత్రమే మిగిలినవి. స్టేషను బ్రతికినది యాభై ఏండ్లు.

ఇసుకతిన్నెపై స్టేషను ఎందుకు కట్టినట్లు? పూర్వం మద్రాసు నుండి సింహళానికి పోవువారు రైలులో తూత్తుకుడి చేరి, అక్కడ ఓడ ఎక్కి కొలంబోకు పోయేవారు. ధనుష్కోటి నుండి సింహళంలోని తలైమన్నారుకు ఓడదారి సుమారు 35 కిలోమీటర్లే. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన ప్రారంభమై, ద్వీపాన్ని దేశంతో కలిపింది. దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున్న ఈ వంతెన నడుమభాగం ఓడలకు దారి ఇచ్చేందుకు పైకి తెరచుకొనేది. అప్పటినుండి ప్రయాణికులు ధనుష్కోటిలో రైలు దిగి ఓడ ఎక్కేవారు. ఈ సర్వీసుకే 'బోట్ మెయిల్' అని పేరు.

1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. తుపానులో గాలిపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఇది స్వల్పమే. అసలు ఉపద్రవం గాలి నీటిని ఒడ్డువైపు నెట్టడంవల్ల కలుగుతుంది. లోతైన సముద్రంలో అట్లు నెట్టబడిన నీరు అడుగుగుండా వెనుకకు మరలగలదు. లోతు తక్కువైనచోట ఆ దారి చాలక పైకి పొంగుతుంది. పాక్ జలసంధి ప్రాంతం అటువంటిదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది కూడా ఇట్టి ఉప్పెనయే.

ఆ రాత్రి పాంబన్ నుండి వస్తున్న ప్యాసింజరు రైలు ధనుష్కోటి సమీపంలో అలలపాలయింది. అందులోని నూరుమందికి పైగా ప్రయాణికులలో ఒక్కరూ మిగలలేదు. స్టేషను, ఊరు నాశనమైనవి. వంతెన గర్డర్లలో 126 కొట్టుకొనిపోయినవి. కాని తెరచుకొనే నడుమభాగం నిలిచింది.

వంతెనను ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 దినాలలో పునరుద్ధరించారు. సముద్రంలో పడిన గర్డర్లను బెస్తల సాయంతో వెదకి తీశారు. 2025 ఏప్రిల్ 6న దాని ప్రక్కన క్రొత్త వంతెన ప్రారంభమైంది. కాని రామేశ్వరం దాటి ధనుష్కోటికి రైలు మరల పోలేదు. ఆ ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది.

సముద్రంలోకి అంతదూరం చొచ్చుకొనిపోయిన నేల కనుకనే ఆ స్టేషను సింహళానికి దగ్గర అయింది. రెండు ప్రక్కలా సముద్రమే గల ఆ నేలపై ఉప్పెననుండి తప్పుకొనే తావు లేకపోవడానికి కూడా అదే కారణం. స్థలం ఎన్నుకొనువారు దూరాన్ని కొలిచినంత శ్రద్ధగా సముద్రం లోతును, నేల ఎత్తును కూడా కొలవాలి.