స్టూడెంట్ వీసా పత్రాలు: ఢిల్లీలో చదివిన తెలుగువారికి చిక్కులు ఎక్కడ?

టెన్త్ గుంటూరులో, ఇంటర్ విజయవాడలో, డిగ్రీ ఢిల్లీలో, ఉద్యోగం గురుగ్రామ్‌లో. టీటీడీ 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ మొదలుకొని జేఎన్‌యూ, జామియా వరకు ఇలా వచ్చిన తెలుగు విద్యార్థులు ఢిల్లీలో చాలామందే ఉన్నారు. విదేశీ యూనివర్సిటీలో సీటు వచ్చేనాటికి వీరి దగ్గర పత్రాలన్నీ ఉంటాయి. కానీ అవి ఒకదానితో ఒకటి పొసగవు. వీసా అధికారి ముందు చూసేది అదే.

పేరుతోనే మొదలు

ఇంటి పేరు కొండపల్లి, పేరు రవికుమార్ అనుకుందాం. టెన్త్ మెమోలో ఇంటి పేరు ముందు ఉంటుంది. డిగ్రీ పట్టాలో అది చివరికి వెళ్లి ‘రవికుమార్ కె’ అవుతుంది. బ్యాంకు ఖాతాలో ‘కె రవి కుమార్’. మనకు ముగ్గురూ ఒక్కరే. కంప్యూటర్‌కు కాదు.

పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేసినవారి ఇబ్బంది మరో రకం. అమెరికా డీఎస్-160 ఫారంలో అలాంటివారు పేరంతా ఇంటి పేరు గడిలో రాసి, సొంత పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పెట్టాలి. ‘పేరు తెలియదు’ అని దాని అర్థం. అక్కడికి వెళ్లాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర ఈ మూడక్షరాలు వెంటాడుతూనే ఉంటాయి.

టెన్త్ మెమోలో దిద్దుబాటు కోసం చదివిన స్కూలు నుంచి బోర్డు దాకా తిరగాలి. దానికన్నా మెమోలో ఉన్న పేరుకు తగ్గట్టు పాస్‌పోర్ట్‌ను రీ-ఇష్యూ చేయించుకోవడమే చాలామందికి తేలిక. అయితే ఇది యూనివర్సిటీలకు దరఖాస్తు చేయకముందే జరగాలి. అమెరికా ఐ-20, బ్రిటన్ క్యాస్ పాత పేరుతో వచ్చాక పాస్‌పోర్ట్ మారిస్తే వాటినీ మార్పించుకోవాలి. ఇంట్లో పెద్దలు ‘ఇప్పుడెందుకులే’ అంటారు, ఇప్పుడే.

ఎన్‌సీఆర్ అంటే ఒక్క ఢిల్లీ కాదు

కొన్ని దేశాలు సర్టిఫికెట్లపై అపోస్టిల్ అడుగుతాయి. హేగ్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. ముద్ర వేసేది విదేశాంగ శాఖ. కానీ దానికి ముందు చదువు సర్టిఫికెట్‌ను అది జారీ అయిన రాష్ట్రం ధ్రువీకరించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఢిల్లీ యూనివర్సిటీ పట్టాకు ఢిల్లీ ప్రభుత్వం, నోయిడాలోని ప్రైవేటు యూనివర్సిటీ పట్టాకు ఉత్తరప్రదేశ్, సోనీపత్‌లో చదివితే హర్యానా. ఇంటర్ మెమోకు మళ్లీ ఆంధ్రప్రదేశో, తెలంగాణో. ఢిల్లీలో ఉన్నాం కదా, అన్నీ ఇక్కడే అయిపోతాయనుకుని ఇంటర్ మెమో పట్టుకుని విదేశాంగ శాఖ ఏజెన్సీ దగ్గరకు వెళ్తే వెనక్కి పంపుతారు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఈ పని పెట్టుకోవడం మేలు. విదేశాంగ శాఖ ముద్ర హైదరాబాద్‌లోనూ వేయించుకోవచ్చు.

పోలీసు క్లియరెన్స్ అడిగిన దేశమైతే మరో మెలిక ఉంది. నోయిడాలో ఉండేవారు ఘాజియాబాద్ పాస్‌పోర్ట్ ఆఫీసు పరిధిలోకి, గురుగ్రామ్‌వారు ఢిల్లీ ఆఫీసు పరిధిలోకి వస్తారు.

అసలు అపోస్టిల్ అవసరమా అన్నది ముందు చూసుకోండి. అమెరికా, బ్రిటన్ స్టూడెంట్ వీసాలకు అది అక్కర్లేదు. జర్మనీ అయితే భారత్ చేరికపై అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్‌ను గుర్తించదు. జర్మనీకని అపోస్టిల్ చేయిస్తామంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. ఆ దేశం అడిగేది ఏపీఎస్ సర్టిఫికెట్. 2022 నవంబర్ 1 నుంచి కొద్ది మినహాయింపులు తప్ప అందరికీ ఇది తప్పనిసరి. న్యూఢిల్లీలోని జర్మన్ రాయబార కార్యాలయానికి చెందిన ఏపీఎస్ విభాగం మన మార్కులు, పట్టాలు అసలువో కావో పరిశీలించి ఇస్తుంది. ఫీజు 18,000 రూపాయలు. వారాలు పట్టవచ్చు కనుక అడ్మిషన్ వచ్చేదాకా ఆగకూడదు.

డబ్బు ఎవరిది, ఎన్నాళ్లుగా ఉంది

జర్మనీ లెక్క సూటిగా ఉంటుంది: 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. బ్రిటన్ నియమం దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. చూపాల్సిన మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు, ఈఎంఐ కట్ అయి, కొంచెం తగ్గినా లెక్క చెల్లదు. ఆ 28 రోజుల్లో చివరిది దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపు అయి ఉండాలి. ఖాతా విద్యార్థిదో, తల్లిదండ్రులదో కావాలి. బాబాయి, మేనమామ ఖాతాలు పనికిరావు. వారు సాయం చేస్తే ఆ డబ్బును ముందే తండ్రి ఖాతాలోకి మార్చుకోవాలి. తండ్రి ఖాతా చూపితే జనన ధ్రువపత్రం, ఆయన అంగీకార పత్రం జతచేయాలి. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు పూర్తిగా ఉండి, పాన్ కార్డులో పొడి అక్షరాలుంటే పేరు గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

అమెరికా విషయంలో బంధువులు స్పాన్సర్ చేయవచ్చు. అయితే వీసా కోసమే నాలుగు రోజుల ముందు ఖాతాలో వేయించిన డబ్బును అధికారి ఇట్టే గుర్తుపడతారు. బ్యాంకు రుణ మంజూరు లేఖ అంతకన్నా నిజాయితీ గల కాగితం.

ఏజెంటు నింపినా బాధ్యత మీదే

కెనడాలో నకిలీ అడ్మిషన్ లేఖల వ్యవహారం 2023లో బయటపడింది. చాలామంది విద్యార్థులకు తమ లేఖ నకిలీదని అక్కడ చదువు ముగించి, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేశాక గానీ తెలియలేదు. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి కెనడా ప్రతి లేఖనూ నేరుగా కాలేజీతో సరిచూస్తోంది. ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం కూడా 2025 మార్చిలో బాట్‌లతో బుక్ చేసిన దాదాపు 2,000 వీసా అపాయింట్‌మెంట్లను రద్దు చేసింది.

తప్పుడు పత్రం పట్టుబడితే శిక్ష ఒక్క తిరస్కరణతో పోదు. కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్ల వరకు దరఖాస్తులను తోసిపుచ్చవచ్చు. అమెరికాలో అది జీవితకాల అనర్హత కావచ్చు. తెలియక జరిగిందన్న వాదన నెగ్గడం కష్టం.

కాబట్టి దరఖాస్తులో ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవే ఉండాలి, కన్సల్టెన్సీవి కాదు. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. పంపిన ప్రతి కాగితం స్కాన్ కాపీ తీసుకోండి. డీఎస్-160లో, ‘ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. ఏజెంటు నింపితే అవునని రాసి, అతని వివరాలు ఇవ్వాలి. అది చెప్పడం వల్ల వీసా పోదు.