మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖ: సిబ్బంది, పనిభారం

మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువులు, కాలువలు, ఆనకట్టలు, రోడ్లు, సర్కారు భవనాలు చూసుకున్న శాఖ ఇది. జనం నోట పీడబ్ల్యూడీ. 1850ల్లో పాత మరామత్తు ఏర్పాటు పోయి ఇది వచ్చింది. మరామత్తు రోజుల్లో పెత్తనం రెవెన్యూ బోర్డుది. ఒక్కో సివిల్ ఇంజనీరు కింద ఒకటికి మించి జిల్లాలుండేవి.

పని ఎంతుండేదో ఇంజనీరు బెయిర్డ్ స్మిత్ 1856 నాటి పుస్తకంలో కనిపిస్తుంది. 14 జిల్లాల్లో బాగున్న చెరువులు 43,000, పాడైనవి 10,000. గట్లు సుమారు 30,000 మైళ్లు. తూములు, కలుజుల వంటి కట్టుబడులు 3,00,000. ఇన్నిటినీ ఏ ఇంజనీరూ కళ్లారా చూడలేడు. అంచనాలు కాగితం మీదే నడిచేవి, గండ్లు మాత్రం వానకు పడేవి.

గోదావరి ఆనకట్టకు ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆరుగురు ఇంజనీరు అధికారులను, ఎనిమిది మంది జూనియర్లను, 2,000 మంది తాపీవాళ్లను అడిగారు. నాలుగు పాయల మీద కట్టాల్సిన పనికి అది ఎక్కువేమీ కాదు. 1847లో పని మొదలైంది. మరుసటి ఏడే ఆయన ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది, భారం కెప్టెన్ ఆర్ మీద పడింది. ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ ఏడే ఇంజనీరు హేగ్ 49 ఖానాల గన్నవరం అక్విడక్టును నాలుగు నెలల్లో లేపారు. ఆనకట్ట పనుల్లోని ఓవర్సీరు వీణం వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది, అది ఆయన కష్టానికి తగినదే. ఆయన పేరు కాటన్ పేరు పక్కనే చెప్పాలి.

శాఖలో పైనుంచి చీఫ్ ఇంజనీరు, సూపరింటెండింగ్, ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ ఇంజనీర్లు. కింద సూపర్‌వైజర్లు, ఓవర్సీర్లు, మేస్త్రీలు, గట్లు కాసే లస్కర్లు. 1872 నుంచి 1906 దాకా ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీ ఇంజనీర్లను తయారుచేసి పంపింది. పై పదవులు ఎక్కువగా దొరలవి, కింది కొలువులు దేశీయులవి. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివినవాళ్లకు కూడా పై మెట్టు అంత తేలిగ్గా అందలేదు.

అసలు బరువు ఓవర్సీరుదే. మట్టిపని చేసే వడ్డెరలు గట్టుకు మట్టి తవ్విన గుంటల మధ్య అక్కడక్కడా మట్టి దిమ్మెలు వదిలేవారు. ఆ దిమ్మె ఎత్తు కొలిస్తేనే తవ్విన లోతు తెలిసేది, దాన్నిబట్టే కూలి కట్టేవారు. ఓవర్సీరు మరో ఊళ్లో చిక్కుకుని కొలత ఆలస్యమైతే, ఈలోగా వాన పడితే, దిమ్మెలు కరిగి గుంటలు నిండేవి. నష్టం తట్ట మోసినవాళ్లకు.

మనుషులు చాలనిచోట చట్టం వచ్చింది. 1858 నిర్బంధ శ్రమ చట్టం కింద, గట్టు తెగే ప్రమాదమున్నప్పుడు ఊళ్లో ఒంట్లో సత్తువున్న కూలివర్గపు మగవాళ్లంతా గట్టు మీదికి రావాల్సిందే. చెరువు, కాలువ మరమ్మతు ఊరివాళ్లే చేసుకునే కుడిమరామత్తు అన్న పాత కట్టుబాటు అలా సర్కారు హుకుంగానూ మారింది. చెరువుల పునరుద్ధరణ పథకం 1883లో మొదలయ్యాక సర్వే బృందాలు ఒక్కో చెరువునూ కొలిచి తూము ఎత్తు, కలుజు వెడల్పు రాసిపెట్టాయి. వరద రాత్రి లాంతరు పట్టుకుని గట్టు వెంట నడిచింది మాత్రం లస్కరే. డెల్టా కాలువల మీద ఆ కొలువు పేరు ఇప్పటికీ అదే.