హామాను పేరు వినపడకూడదు

మూడు రోజులుగా ఎస్తేరు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇప్పుడు రాణి దుస్తుల్లో షూషను కోట లోపలి ఆవరణలో నిలబడి ఉంది. ఎదురుగా సింహాసనం. పిలవకుండా వచ్చినవాళ్లకు చావే శిక్ష; రాజు బంగారు దండం చాపితేనే ప్రాణం దక్కుతుంది. హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలు ఏలే అహష్వేరోషుకు తన భార్య యూదురాలన్న సంగతే తెలియదు. చెప్పొద్దన్నది పెంచిన మొర్దెకై మాట. నాలుగైదేళ్లుగా ఆమె ఆ మాట దాటలేదు.

రాజు దండం చాపాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆమె అప్పుడే నోరు విప్పలేదు, విందుకు రమ్మంది. ఆ విందులో మరో విందుకు పిలిచింది. రెండో విందులో గానీ అసలు మాట బయటికి రాలేదు: మంత్రి హామాను చంపించబోతున్నది నా వాళ్లనే, వాళ్లతో పాటు నన్నూ. మొర్దెకై కోసం హామాను నిలబెట్టించిన ఉరికొయ్యకే సాయంత్రానికి హామాను వేలాడాడు.

పారశీక చరిత్రలో ఈ కథకు రుజువులు దొరకలేదు. అహష్వేరోషు అంటే క్రీ.పూ. 486-465 మధ్య ఏలిన క్షయర్ష అని పండితుల్లో ఎక్కువ మంది అంటారు. హీబ్రూ బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరు ఒక్కచోటా కనిపించదు. ఆయన కూడా ముసుగు వేసుకునే పని చక్కబెట్టాడని యూదు గురువుల వ్యాఖ్య. ఈ గండం గట్టెక్కినందుకు యూదులు చేసుకునే పూరిం పండగ నాడు పిల్లలూ పెద్దలూ వేషాలు కట్టడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. గ్రంథం చివర్లో యూదులు తమ శత్రువుల్ని 75 వేల మందిని చంపిన లెక్క ఉంది, నాకది మింగుడుపడదు. అయితే పండగ పెట్టుకున్నది చంపిన రోజున కాదు, ఆ మర్నాడు, ఊపిరి పీల్చుకున్న రోజున.

పుట్టుక దాచడం మనకు తెలియని విద్యేమీ కాదు. హైదరాబాదు ఉప్పల్‌లోనో నాచారంలోనో టులెట్ బోర్డు చూసి మెట్లెక్కితే అద్దె ఎంతో చెప్పకముందే "ఏమనుకోకున్రి, మీరెవలు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. పారిశ్రామికవాడలో పనికని జిల్లాల నుంచి వచ్చిన మాదిగ కుర్రాడు ఆ క్షణంలో నోటికొచ్చిన వేరే కులం పేరు చెప్పేస్తాడు. గది దొరుకుతుంది. ఆ తర్వాత కూర వాసన దగ్గర్నుంచి ఇంటికొచ్చే చుట్టాల దాకా అన్నిటికీ జాగ్రత్తే.

అదే కులం నుంచి, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, కొన్ని కుటుంబాలు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేశాయి. మాదిగలు, క్రైస్తవులుగా పెరిగినవాళ్లు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్న సోదరుల వెంట నడిచి, తాము ఇశ్రాయేలు పోగొట్టుకున్న పది గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకున్నారు. 1991లో ఊళ్లో యూదుల ప్రార్థన మందిరం, సినగాగు, వెలిసింది. అస్సీరియా చెర నుంచి పారశీకం, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు వచ్చామనీ, అసలు సంగతి తరాలుగా మరుగున పడిందనీ వాళ్ల మాట. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మధ్య తిరిగి 2013లో పుస్తకమే రాశారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం మాత్రం వీళ్లను గుర్తించలేదు. ఇక్కడా లాభమేం లేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు తప్ప వర్తించదు. యూదులమని కాగితం మీద రాస్తే రిజర్వేషన్ పోయినట్టే. ఆ వంశవృక్షం నిజమో కాదో తేల్చడం నా పని కాదు. ఇంత ఖరీదు పెట్టి ఎవరైనా ఒక పేరు ఎందుకు చెప్పుకుంటారన్నదే నన్ను పట్టుకుంది.

పూరిం రాత్రి సినగాగులో ఎస్తేరు గ్రంథపు చుట్టను ఉత్తరంలా మడతలు పెట్టి చదువుతారు. హామాను పేరు వచ్చిన ప్రతిసారీ పిల్లలు గిలకలు తిప్పుతారు, పెద్దలు కాళ్లు నేలకేసి కొడతారు. ఆ పేరు చెవిన పడకూడదు. హామాను పదిమంది కొడుకుల పేర్లను చదివేవాడు ఒక్క గుక్కలో ముగిస్తాడు. మాదిగ వాడలో చప్పుడుకు ఉన్న పని వేరు. డప్పు పేరును ముంచదు, ఊరంతా వినేలా చాటుతుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమం ఆ డప్పునే పట్టుకుని, దాచుకున్న కులం పేరును ఇంటిపేరులా తగిలించుకోమంది. ఆ ఉద్యమ నాయకుడు మంద కృష్ణ మాదిగ పేరు అలా వచ్చిందే. కొత్తరెడ్డిపాలెం సినగాగుకు అప్పటికి మూడేళ్లు.

పూరిం వచ్చేది యూదుల అదారు మాసం 14న, పున్నమి అంచున. మన హోలీకీ తరచూ అదే చంద్రుడు. 2025లో మార్చి 13 రాత్రి ఇక్కడ కామదహనం, అక్కడ ఎస్తేరు పఠనం.

మర్నాడు తాగొచ్చు. హామానుకు శాపమేదో, మొర్దెకైకి దీవెనేదో తేడా తెలియనంత తాగమని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే ఉంది. అంతకంటే నన్ను ఆపేసింది తిండి నియమం. ఒక్కరికైనా రెండు రకాల పదార్థాలు పంపాలి, అవి పొయ్యి ఎక్కించే పని లేకుండా నోట్లో పెట్టుకునేలా ఉండాలి. మన పల్లెల్లో కులం దాటి ఇచ్చేది బియ్యం, పప్పు, కూరగాయలు, స్వయంపాకం. వండిన అన్నం గడప దాటితే కులం కూడా దాటినట్టే. పూరిం అడిగేది మాత్రం ఇంక వండే పని లేనిదాన్నే. ఇక పేదలకిచ్చే దానం కనీసం ఇద్దరికి. చేయి చాచిన ప్రతివాడికీ ఇవ్వాలి. నిజంగా పేదవాడేనా, ఎక్కడివాడు, ఎవరివాడు అని ఆరా తీయడం ఆ ఒక్కరోజు పనికిరాదు.